ఘాట్ దిగడం కూడా డ్రైవింగే



ఈ పేజీలో నేను మామూలుగా ఇంగ్లీష్ రీడింగ్ గురించో, సెలవుల్లో పిల్లలు చదవాల్సిన కథల పుస్తకాల గురించో రాస్తుంటాను. ఈ నెల వేరే విషయం రాస్తున్నాను. రాయాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను. ప్రిన్సిపల్ మేడమ్‌కి ముందే చూపించాను. ఆవిడ చదివి, "నీకు ఇబ్బంది లేకపోతే మనకీ లేదు" అన్నారు.

నవంబర్‌లో ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజు, అందరూ వెళ్ళిపోయాక ఒక అమ్మ నా టేబుల్ దగ్గర ఆగారు. మార్కుల గురించి అడుగుతారనుకున్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మేడమ్, మావాడికి వేసవిలో వైజాగ్ డాక్టర్ గారు మాత్రలు రాశారు. దిగులుకి. ఇప్పుడు బాగానే తింటున్నాడు, నవ్వుతున్నాడు. మార్చిలో టెన్త్ పరీక్షలు కదా, బుర్ర మొద్దుబారిపోద్దేమోనని ఆపేశాం. మీరు ఎవరితోనూ అనకండి."

"ఆపి ఎన్ని రోజులైందమ్మా?"

"నాలుగు రోజులు."

"పిల్లాడు ఎలా ఉన్నాడు?"

"తల తిరుగుతోందంటున్నాడు. చలికేమోలే అనుకున్నాం."

నేను ఆవిడను కూర్చోమన్నాను. "అమ్మా, నేనూ ఆ మాత్రలు వేసుకున్నాను. నేనూ మీలాగే ఒకరోజు ఆపేశాను. ఏమైందో చెబుతాను, వినండి" అన్నాను. ఆవిడకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పిల్లాణ్ణి ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను.

మొదలు

నేను ఈ కొండల పిల్లనే. నాన్న ఆశ్రమ పాఠశాలలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డిగ్రీ, బీఈడీ వైజాగ్ హాస్టల్లో ఉండి చదివాను. ఉద్యోగం వచ్చింది, జీతం వస్తోంది, పిల్లలంటే ఇష్టం. దిగులు రావడానికి కారణం చెప్పమంటే నా దగ్గర ఒక్కటీ లేదు. 2022 వానాకాలంలో అది వచ్చిందని మాత్రం చెప్పగలను.

క్లాసులో బాగానే ఉండేదాన్ని. అది విచిత్రం. పాఠం చెప్పేదాన్ని, నోట్సులు దిద్దేదాన్ని. ఇంటికొచ్చాక తడిసిన చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయేదాన్ని. తెల్లవారి మూడు గంటలకే మెలకువ వచ్చేసేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేది. "ఏటయ్యిందే నీకు? ఎవరేటన్నారు?" అని అమ్మ అడిగేది. ఎవరూ ఏమీ అనలేదు. అదే అమ్మకు చెప్పలేకపోయాను.

అమ్మ ముందు నన్ను దిసారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చేయాల్సింది చేసి, నా ముఖం చూసి, "పిల్లకి నిద్దర లేదు. డాక్టరుకీ సూపించండి" అన్నాడు. ఆ ఒక్క మాట లేకపోతే అమ్మ వైజాగ్‌కు ఒప్పుకునేది కాదు.

డాక్టర్ గారు అరగంట మాట్లాడారు. దాన్ని డిప్రెషన్ అంటారనీ, అది నా బద్ధకమో బలహీనతో కాదనీ చెప్పారు. ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర, మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10 రాశారు. "ఇది తలనొప్పి మాత్ర కాదు. వేసిన గంటకు పనిచేయదు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. ఓపిక పట్టండి" అన్నారు. కౌన్సెలింగ్‌కు కూడా రమ్మన్నారు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. రెండుసార్లు వెళ్ళి మానేశాను.

మొదటి వారం వికారం, ఆవలింతలు, అరచేతుల్లో చెమట. నాలుగో వారంలో ఒకరోజు పొద్దున్నే అమ్మ పెట్టిన రాగి అంబలి రుచిగా అనిపించింది. మూడు నెలల తర్వాత నోటికి రుచి తెలిసింది. మందు పనిచేసిందని నేను చెప్పగలిగే రుజువు నాకు అదే.

ఆపడం

డిసెంబర్ వచ్చింది. కాఫీ పళ్ళ కోతలు జరుగుతున్నాయి. నేను బాగున్నాను. ఇంట్లో సంబంధాల మాటలు మొదలయ్యాయి. అమ్మ నా మాత్రల అట్టను పోపుల డబ్బా వెనక దాచిపెట్టింది. ఒకరోజు పిన్ని వచ్చి ఆ అట్ట చూసి, "ఇవేటి? పెళ్ళివారికి తెలిస్తే ఏటనుకుంటారు? బాగానే ఉంది కదా పిల్ల, ఇంకా ఎందుకు?" అంది.

పిన్నిని తప్పు పట్టను. నా మనసులో ఉన్న మాటే ఆమె పైకి అంది. ఇంకో కారణం కూడా ఉంది, అదీ దాచకుండా చెప్పాలి. మందుతో బాధ తగ్గింది గానీ, మిగతావన్నీ కూడా కొంచెం తగ్గాయి. ఆ అక్టోబర్‌లో మా అమ్మమ్మ పోతే నాకు ఏడుపు రాలేదు. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు అంతా దూరంగా వినిపించింది. నేను నేనుగా లేనేమో అనిపించింది. ఇలాంటివి డాక్టరుతో చెప్పుకోవచ్చని, మోతాదో మందో మార్చవచ్చని నాకు తెలియదు. అడగలేదు. ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. తర్వాతి రాత్రీ వేసుకోలేదు.

మూడో రోజు బస్సులో ఘాట్ దిగుతుంటే తల తిరిగింది. మలుపుల వల్లే అనుకున్నాను. బస్సు దిగాకా తిరుగుతూనే ఉంది. కళ్ళు పక్కకు తిప్పితే తలలో సన్నగా కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది. రాత్రిళ్ళు సినిమా చూసినంత స్పష్టంగా పీడకలలు. కారణం లేని కోపం. ఏడో తరగతిలో ఒక పాప స్పెల్లింగ్ తప్పు రాస్తే, క్లాసు మొత్తం ఉలిక్కిపడేలా అరిచాను. ఆ పాప కళ్ళు నాకింకా గుర్తున్నాయి. మర్నాడు ఆమెకు అందరి ముందూ సారీ చెప్పాను. ఆ పాప తల్లిదండ్రులు ఇది చదువుతుంటే, మీకూ చెబుతున్నాను, క్షమించండి.

రోగం తిరగబెట్టిందనుకున్నాను. చూశావా, మందు లేకపోతే నేనింతే, అనుకున్నాను. రెండూ తప్పే.

శరీరం చెబుతున్నదేమిటి?

తర్వాత నేను తెలుసుకున్నది ఇది. ఈ మందులు వారాల తరబడి వేసుకుంటే మెదడు వాటికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. మందును ఒక్కసారిగా తీసేస్తే, మళ్ళీ సర్దుకోవడానికి దానికి టైమ్ కావాలి. ఆ మధ్య కాలంలో వచ్చేవే తల తిరగడం, షాక్ కొట్టినట్టు ఉండడం, వికారం, నిద్ర చెదరడం, చిరాకు, ఆందోళన. ఇవి సాధారణంగా ఆపిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి. పాత దిగులు తిరిగి రావడమైతే చాలామందిలో మెల్లగా, వారాలు, నెలలు గడిచాక వస్తుంది, అప్పుడు తలలో షాకులు ఉండవు. ఈ తేడా తెలియక కొందరు, "మందుకు బానిసనైపోయాను" అని భయపడతారు. ఇది సారాకో గంజాయికో అలవాటు పడడం లాంటిది కాదు. రోజురోజుకూ మోతాదు పెంచాలనే యావ ఈ మందులతో ఉండదు. అలాగని ఆపితే ఏమీ కాదని చెప్పడం కూడా అబద్ధమే.

ఎంతమందికి ఇలా అవుతుంది? 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. పాత అధ్యయనాలు 79ని కలిపి చూశారు. ఆపినవారిలో సుమారు మూడోవంతు మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. అయితే ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్ళలో కూడా కొందరు ఇవే చెప్పారు. ఆ లెక్క తీసేస్తే, నిజంగా మందు ఆపడం వల్ల ఇబ్బంది పడేది ఆరేడుగురిలో ఒకరు. తీవ్రంగా ఇబ్బంది పడేవాళ్ళు వందలో ముగ్గురు. అంటే ఎక్కువ మందికి పెద్ద కష్టం ఉండదు. కానీ ఆ ఒక్కరు మీ ఇంట్లో ఉంటే ముందుగా తెలిసి ఉండడం మంచిది.

మందును బట్టి కూడా తేడా ఉంటుంది. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని ఆపడం కొంచెం తేలిక. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ తొందరగా ఒంట్లోంచి పోతాయి, అందుకే వాటితో ఇబ్బంది ఎక్కువ.

మన కొండల్లో అందరికీ తెలిసిన పోలిక ఒకటి చెబుతాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ గట్టిగా కష్టపడుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. దిగేటప్పుడు ఏముంది, బండి దానంతట అదే పోతుంది అనుకుని కొత్త డ్రైవర్లు న్యూట్రల్‌లో వేస్తారు. అనుభవం ఉన్న డ్రైవర్ గేరులోనే దిగుతాడు, మలుపు మలుపుకూ చూసుకుంటూ. మందు మొదలుపెట్టేటప్పుడు మనం డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఆపేటప్పుడు మాత్రం న్యూట్రల్‌లో వేస్తాం. నా అభిప్రాయం ఇదొక్కటే: ఆపడం కూడా వైద్యమే, అది కూడా డాక్టర్ చేతిమీదుగానే జరగాలి.

టీబీ గురించి మనకు ఇది తెలుసు. రెండు నెలలకే దగ్గు తగ్గినా ఆరు నెలల కోర్సు పూర్తి చేయాలని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెబుతారు. కారణాలు వేరు, అక్కడ క్రిములు, ఇక్కడ మనసు. కానీ బాగుండడానికీ, బాగవడం పూర్తవడానికీ మధ్య దూరం రెండింటిలోనూ ఉంది. మీకు తెలుసో లేదో, డిప్రెషన్‌కు వాడిన మొదటి మందుల్లో ఒకటైన ఐప్రోనియజిడ్ అసలు టీబీ కోసం పరీక్షించిన మందే. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో అది వేసుకున్న క్షయ రోగులు వార్డుల్లో హుషారుగా తిరగడం చూసి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. దిగులుకు మందు ఉండొచ్చని ప్రపంచానికి తెలిసిన దారుల్లో అదొకటి.

మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళు పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. నేను బాగైన రెండు నెలలకే ఆపేశాను.

తిరిగి వెళ్ళడం

నా తలతిరుగుడు మూడు వారాల్లో తగ్గింది. ఇక గెలిచాననుకున్నాను. ఫిబ్రవరి చివర్లో మళ్ళీ తెల్లవారి మూడింటికి మెలకువ రావడం మొదలైంది. ఈసారి అసలు జబ్బే. ఈసారి ఇంకా లోతుగా. వివరాలు పిల్లలు కూడా చదివే ఈ పత్రికలో రాయను. బతకడం బరువైన రాత్రులు కొన్ని ఉన్నాయని మాత్రం చెబుతాను.

అలాంటి ఒక రాత్రి 14416కు ఫోన్ చేశాను. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత నంబర్. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల ఒక అమ్మాయి గొంతు. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ఫోన్ పెట్టేయలేదు. చివరికి, "రేపు మీ డాక్టర్ దగ్గరికి ఎవరితో వెళ్తారు?" అని అడిగింది. "నాన్నతో" అన్నాను. అప్పటిదాకా నాన్నకు పూర్తిగా చెప్పలేదు. ఆ రాత్రే లేపి చెప్పాను.

డాక్టర్ గారు తిట్టలేదు. "ఆపాలనిపించడం తప్పు కాదు. చెప్పకుండా ఆపడమే ఇబ్బంది. ఎక్కించడం ఎంత నా పనో, దించడం కూడా అంతే నా పని" అన్నారు. ఏడుపు రాకపోవడం గురించి చెబితే రాసుకున్నారు, తర్వాత మోతాదు సర్దారు. ఈసారి కౌన్సెలింగ్ మానలేదు. కొన్నిసార్లు బస్సులో వెళ్ళి, కొన్నిసార్లు వీడియో కాల్‌లో మాట్లాడాను. సిగ్నల్ కోసం మా ఇంటి వెనక మిట్ట ఎక్కి కూర్చునేదాన్ని.

ఏడాదికి పైగా మందు వేసుకున్నాక, 2024 వేసవిలో నేనే అడిగాను, ఇక ఆపవచ్చా అని. ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఈ మధ్య ఇంట్లో పెద్ద మార్పులేమైనా రాబోతున్నాయా? ఇబ్బంది వస్తే ఎవరికి చెబుతావు? ఆ తర్వాత ఒక కాగితం మీద లెక్క రాసిచ్చారు. పదిలోంచి ఐదుకు, కొన్ని వారాలు ఆగి ఐదులోంచి రెండున్నరకు, ఆ తర్వాత ఇంకా చిన్న మోతాదులకు. మొత్తం ఐదు నెలలు పట్టింది. చివరి మెట్లే చిన్నవిగా ఉండాలని ఆయన చెప్పారు. తక్కువ మోతాదు కూడా మెదడు మీద మనం అనుకునేదానికంటే ఎక్కువే పనిచేస్తుంది కాబట్టి, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ తగ్గించడం మరీ నెమ్మదిగా జరగాలట. 2019లో హొరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే విషయం రాశాక చాలా దేశాల్లో ఈ పద్ధతి మీద చర్చ పెరిగింది. నా కాగితం నా కోసమే రాసింది. దయచేసి దాన్ని చూసి మీ ఇంట్లో ఎవరూ మాత్రలు విరవకండి.

మందు ఆగి ఏడాది దాటింది. బాగున్నాను. ఇకముందు ఎప్పుడూ రాదని ఎవరూ రాసివ్వలేదు. బ్రిటన్‌లో చాలాకాలంగా మందు వాడుతూ, బాగున్నాం, ఇక ఆపవచ్చేమో అనుకున్నవాళ్ళ మీద ఒక అధ్యయనం జరిగింది, 2021లో ప్రచురించారు. మందు కొనసాగించినవాళ్ళలో ఏడాదిలోగా 100కు 39 మందికి దిగులు తిరిగొచ్చింది. తగ్గించి ఆపినవాళ్ళలో 100కు 56 మందికి తిరిగొచ్చింది. ఈ లెక్క నన్ను భయపెట్టలేదు. ఆపిన వందమందిలో 44 మంది బాగున్నారన్నది అందులోనే ఉంది, కొనసాగించినా పూర్తి గ్యారంటీ లేదన్నదీ అందులోనే ఉంది. కాబట్టి ఆపినవాళ్ళు గొప్పవాళ్ళూ కాదు, వేసుకునేవాళ్ళు తక్కువవాళ్ళూ కాదు. మా నాన్న బీపీ మాత్ర పదిహేనేళ్ళుగా వేసుకుంటున్నారు. పిన్ని ఎప్పుడూ ఆయన్ను "ఇంకా ఎందుకు?" అని అడగలేదు.

పిల్లల విషయం

ఇప్పుడు మీ పిల్లల సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ పత్రిక వాళ్ళ కోసమే.

పిల్లల్లో దిగులు పెద్దవాళ్ళలో ఉన్నట్టు ఉండకపోవచ్చు. ఏడుపు కంటే చిరాకు ఎక్కువ కనిపిస్తుంది. ఆటకు వెళ్ళడం మానేస్తారు. పొద్దున్నే కడుపునొప్పి అంటారు. మార్కులు పడిపోతాయి, అప్పుడు మనం మార్కుల జబ్బుకు ట్యూషన్ మందు వేస్తాం. తేలికపాటి దిగులుకు చాలాసార్లు మాట్లాడే వైద్యం, ఇంటి తోడు సరిపోతాయి. అన్నిటికీ మాత్రలు అక్కర్లేదు. అవసరమని డాక్టర్ నిర్ణయించాకే మందు.

మందు రాస్తే కొన్ని జాగ్రత్తలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ ఉండాలి. 25 ఏళ్ళ లోపు వాళ్ళలో కొందరికి మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు అశాంతి, చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ పిల్లల విషయంలో 2004లో హెచ్చరించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ వరకు పొడిగించింది. ఆ హెచ్చరిక చూసి మందు చెత్తబుట్టలో వేయకూడదు. దాని అర్థం, ఆ రోజుల్లో పిల్లల పక్కనే ఉండండి, వారం వారం డాక్టరుకు చూపించండి, ఏ మార్పు కనిపించినా వెంటనే ఫోన్ చేయండి అని. మాత్రలు మీ దగ్గరే, తాళం వేసి ఉంచండి. పిల్లల చేతికి అట్ట మొత్తం ఇవ్వకండి.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. వానాకాలంలో ఘాట్ మీద కొండచరియలు విరిగిపడితే రోడ్డు మూతబడుతుంది. మందుల షాపులో ఆ మాత్ర ఉండదు. మనం ఆపలేదు, కానీ ఆగిపోయింది. శరీరానికి రెండూ ఒకటే. అందుకే అట్టలో చివరి మాత్ర దాకా ఆగకండి, కనీసం పది రోజుల ముందే తెప్పించుకోండి. ఒకవేళ నిజంగా అయిపోతే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. తల్లులకు ఇంకో మాట: మందు వాడుతుండగా గర్భం వచ్చిందని తెలిస్తే, భయపడి ఆ రోజే ఆపేయకండి. ఆ ప్రశ్న కూడా డాక్టరునే అడగాలి.

వైజాగ్‌లో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.  డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా చేసింది. మన వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా అందులో ఉంది.

మన స్కూల్ విషయం

చివరగా ఒక మాట, కొంచెం చనువు తీసుకుని.

2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది మన వైజాగ్‌లోనే. 2023లో నీట్ కోసం చదువుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోతే, ఆ తండ్రి కోర్టుకు వెళ్ళారు. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని కోర్టు చెప్పింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం వద్దని చెప్పింది.

మన గేటు దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీ ఎంత పెద్దదో మీకు తెలుసు. దాని పక్కన 14416 కూడా అంత పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. మీరు కూడా అడిగితే ఇంకా తొందరగా జరుగుతుంది. ఫీజు కడుతున్నది మీరు. ర్యాంకుల గురించి అడిగినంత గట్టిగా కౌన్సెలర్ వారానికి ఎన్ని రోజులు వస్తారని కూడా అడగండి.

మీ పిల్లలు ఏదైనా మందు వాడుతుంటే క్లాస్ టీచర్‌కి ఒక్కరికైనా చెప్పండి. పక్కన ఉన్న టీచర్‌కి తెలిస్తే, ఆ పిల్లాడు క్లాసులో తల వాల్చినప్పుడు "నిద్రపోతున్నావా?" అని గద్దించరు. నేను ఏడో తరగతి పాప మీద అరిచిన రోజు నా పక్క టీచర్‌కి నా సంగతి తెలిసి ఉంటే, నా క్లాసు తను తీసుకుని నన్ను బయట కూర్చోబెట్టేది. దాచుకోవడం వల్ల నాకు జరిగిన నష్టంలో ఒక భాగం ఆ పాపకూ పంచాను.

ఇది చదివాక మీలో కొందరికి, మా పిల్లలకు పాఠం చెప్పేది ఇలాంటి టీచరా అనిపించవచ్చు. అనిపిస్తే వచ్చి నాతో మాట్లాడండి. శనివారం మధ్యాహ్నం మూడు తర్వాత స్టాఫ్ రూమ్‌లో ఉంటాను. నా క్లాసు నోట్సులు, పిల్లల రీడింగ్ రికార్డులు చూపిస్తాను. అవి చూశాక మీరే నిర్ణయించండి.

ఆ అమ్మ సంగతి అడుగుతారేమో. మేం మాట్లాడిన సాయంత్రమే వాళ్ళు డాక్టరుకు ఫోన్ చేశారు. పరీక్షలు అయ్యేదాకా మందు అలాగే ఉంచుదామని, తగ్గించే సంగతి వేసవి సెలవుల్లో చూద్దామని ఆయన చెప్పారట. మూడు రోజుల్లో తలతిరుగుడు పోయింది. మొన్న కారిడార్లో పిల్లాడు ఎదురుపడి, "మేడమ్, బుర్ర మొద్దుబారలేదు, కానీ మ్యాథ్స్ ఇంకా రావట్లేదు" అన్నాడు. దానికి మాత్రం మందు లేదు నాన్నా, కూర్చుని చెయ్యాల్సిందే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మీ ఇంట్లో కూడా పోపుల డబ్బా వెనక ఒక అట్ట ఉందేమో. అది మీది కావచ్చు, మీ వారిది కావచ్చు, పిల్లలది కావచ్చు. ఆపాలనిపిస్తే ఆపే ముందు డాక్టరుకు ఒక ఫోన్ చేయండి. డాక్టర్ దొరక్కపోతే 14416. నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పేజీ తిప్పే ముందు.

— ఇంగ్లీష్ టీచర్, అరకు లోయ బ్రాంచ్